పల్లపు పెరటిలో చప్టా వేయుట

విశాఖపట్టణ ప్రాంతమున కొండవాలున ఇండ్లు కట్టుకొన్నవారికి పెరడు కలదే గాని పెరటిలో కూర్చుండుటకు చోటు లేదు. మంచము వేసినచో ఒక ప్రక్క కోళ్ళక్రింద ఇటుకలు పెట్టవలెను. బిందె దింపినచో దొర్లును. వానకాలమున కాలు నిలువదు. మా యిల్లును అట్టిదే. వెనుక గుమ్మము దాటినది మొదలు నేల క్రిందికి జారుచు ప్రహరీగోడ వఱకు పోవును. మా తల్లిగారికి డెబ్బది యైదేండ్లు దాటినవి. చేతికఱ్ఱ లేనిదే నడువలేరు. సాయంకాలము మల్లెపందిరి యొద్ద కూర్చుండవలెనని ఆమెకు మిక్కిలి కోరిక. ఒకనాడు ఆ వాలున కఱ్ఱ జారి పడిపోయిరి. దైవవశమున ఎముక విఱుగలేదు. ఆ దినముననే పెరటిలో నొక చప్టా వేయింప నిశ్చయించితిని. అది వేయుటలో నేను చేసిన తప్పును, పిమ్మట నేర్చిన పాఠమును ఇందు వ్రాయుచున్నాను. పై తరగతి విద్యార్థులు చదువుకొన్న భౌతికశాస్త్రము, రేఖాగణితము చాలవఱకు ఇందులోనికి వచ్చును. పుస్తకములో నేర్పునపుడు నాకును అవి యింతగా తెలియలేదు.

చప్టా యనగా బండలు గాని ఇటుకలు గాని పఱచి చదునుచేసిన ఆరుబయలు. అది మనకు క్రొత్త కాదు. గోదావరి, కృష్ణా తీరములందలి మండువా లోగిళ్ళ నడుమ ఆకాశమునకు తెఱచియుండు చోటు ఇట్టిదే. నాలుగు వైపుల చూరునీరు అందులో పడి, తూము ద్వారమున వీధిలోనికి పోవును. ఆ మండువా నేలమీద ఒక గోలీని ఉంచి చూడుడు. అది నిలువక మెల్లగా తూమువైపు దొర్లును. కంటికి చదునుగా నున్నను ఆ నేల నిజమునకు చదును కాదు. తాపీపనివారు దానిని వాటము అందురు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు.

మొదటిసారి పనికి వచ్చిన మేస్త్రి అనుభవము గలవాడే. నేను కోరిన కొలత పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు. ఆ 10 అడుగుల వెడల్పులో నేల 3 అడుగులు దిగును. అతడు పై అంచును ఉన్నచోటనే యుంచి, క్రింది అంచున 3 అడుగుల యెత్తున తొమ్మిదంగుళముల ఇటుకగోడ లేపి, ఆ నడిమి గోతిని నింపివేసెను. నింపుటకు ఎచటనో ఇల్లు పడగొట్టిన చెత్తయు, ఒక లారీ బంకమట్టియు వచ్చినవి. ఒక్క దినములో అంతయు పోసి, పైన నీరు కొట్టి, దిగినదని చెప్పి బండలు పఱచిరి. గోడలో తూములు పెట్టవలదాయని నేనడిగితిని. వానిచే గోడ అందము చెడునని అతడు పలికెను. పాఠము చెప్పువాడనయ్యును నేను ఊరకుంటిని.

రెండు నెలలు బాగుగనే యుండెను. అక్టోబరు నెలలో మూడు దినములు వాన కురిసినది. తుపాను కాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మా నగరమును కొట్టిన తీరు ఎఱిగినవారము గనుక దీనిని వానగనే యెంచలేదు. నాలుగవనాటి తెల్లవారుజామున పెద్ద శబ్దము వినవచ్చెను. లాంతరు తీసికొని పోయి చూచితిని. గోడ ముక్కలు కాలేదు. ఒక పలకవలె నిలువునా ముందుకు వ్రాలి మల్లెపందిరిపై పడియుండెను. బండలు నాలుగైదు దానివెంట జారినవి. ముందునాటి సాయంకాలము వాన తెఱపియిచ్చినపుడు మా తల్లిగారు కుర్చీ వేసికొని కూర్చున్నది ఆ అంచుననే.

గోడను పడద్రోసినది ఏది? ఇటుక మంచిది, సిమెంటు మంచిది. లెక్కవేసి చూడుడు. మట్టిని కుప్పపోసినచో అది నీటివలె పాఱిపోదు, రాతివలె నిలువదు, ఒక వాలున నిలుచును. కావున గోడ వెనుకనున్న మట్టి గోడను నెట్టునది తన బరువులో కొంతభాగముతో మాత్రమే. సామాన్యపు మట్టికి ఆ భాగము సుమారు మూడవవంతు. ఈ శాస్త్రమునకు పునాది వేసినవాడు ఫ్రాన్సు దేశపు సైనిక ఇంజనీరగు కూలుంబు. విద్యుత్తు పాఠములో మీరు వినిన కూలుంబే ఈతడు. మార్టినీకు ద్వీపమున కోట కట్టించుచు మట్టిగోడలతో పెనగిన యనుభవముతో 1773లో ఆయన పారిస్ పండిత పరిషత్తునకు ఈ విషయమై యొక వ్యాసము సమర్పించెను. 1857లో స్కాట్లండు దేశీయుడగు రాంకిన్ దానిని మఱియొక మార్గమున సులభముచేసెను.

మా గోడ యెత్తు 3 అడుగులు, అనగా సుమారు 0.9 మీటరు. ఘనమీటరు మట్టి 1800 కిలోల బరువని తలంతము. లోతునకు తగినట్లు ఒత్తిడి పెరుగును గనుక, పైన సున్నయు అడుగున అధికమునై, ఒత్తిడి యంతయు త్రిభుజాకారముగ నుండును. గోడ యొక్కొక్క మీటరు పొడవుపై పడు నెట్టుడు, ఎత్తును ఎత్తుతో హెచ్చవేసి, దానిలో సగమును 1800 చేత హెచ్చవేసి, మూడవవంతు తీసికొన్నచో వచ్చును. అది సుమారు 243 కిలోలు. ఎండకాలమున గోడ మోసినది ఇంతే.

వాన కురిసి నీరు పోవుదారి లేక వెనుక నిండినదనుకొనుడు. నీటిలో మునిగిన మట్టి తేలికయగును, ఆర్కిమిడీసు సూత్రము ప్రకారము. అందుచేత మట్టి నెట్టుడు 135 కిలోలకు తగ్గును. అయితే నీటికి వాలున నిలుచు గుణము లేదు. అది తన ఒత్తిడిని పూర్తిగా ప్రక్కకు చూపును. ఆ నెట్టుడు 405 కిలోలు. రెండును కలిసి 540. అనగా ఎండలో నున్నదానికి రెండింతలకు మించినది. 12 అడుగుల గోడ మొత్తముపై దాదాపు రెండు టన్నులు! నాలుగు తూములు పెట్టియున్నచో ఈ 405 కిలోల నీరు బొట్టుబొట్టుగా బయటికి పోయియుండెడిది.

మఱొక సంగతి. నెట్టుడు ఎత్తుయొక్క వర్గమును బట్టి పెరుగును. ఎత్తు రెండింతలైనచో నెట్టుడు నాలుగింతలు. ఆ నెట్టుడు గోడను త్రిప్పివేయు శక్తి, ఎత్తులో మూడవవంతున పని చేయును గనుక, ఎనిమిదింతలు. దీనిని వెనుకకు త్రిప్పి చూచినచో ఉపాయము దొరకును. గోడ ఎత్తును సగము చేసినచో పడద్రోయు శక్తి ఎనిమిదవవంతునకు దిగును. అయితే ఎత్తు సగము చేయుట యెట్లు?

పై సగము త్రవ్వి, ఆ మట్టినే క్రింది సగమున పోయుట. చప్టా మట్టమును పై అంచున గాక వాలునకు నడుమ ఉంచుకొన్నచో, పైభాగమున ఒకటిన్నర అడుగు త్రవ్వుదుము, క్రిందిభాగమున ఒకటిన్నర అడుగు నింపుదుము. త్రవ్విన మట్టి ఆ త్రిభుజపు కొలత ప్రకారము 45 ఘనపుటడుగులు. నింపవలసినదియు 45 ఘనపుటడుగులే. మొదటిసారి నింపినది 180. లారీ మట్టి కొనవలసిన పని లేదు. పైపొరలోని వేళ్ళతో కూడిన మట్టిని మాత్రము జానెడు లోతువఱకు వేఱుగ తీసి మొక్కల పాదులకు దాచవలెను. అందలి ఆకులు, వేళ్ళు కుళ్ళి క్రుంగిపోవును గనుక చప్టా క్రింద అది పనికిరాదు. దానివలన తగ్గిన కొంచెము మట్టిని కంకరతో సరిపుచ్చవచ్చును.

ఇందొక అపాయము కలదు. త్రవ్వుట ఇంటి గోడ మొదటికి పోరాదు. పునాది అడుగునుండి క్రిందికి సమముగ వాలిన గీత, అనగా 45 డిగ్రీల గీత, గీచినట్లు భావించి ఆ గీతకు లోపలి మట్టిని కదల్పరాదు. మేము ఇంటిగోడకు 6 అడుగులు విడిచి త్రవ్వితిమి. ఈ విడిచిన నేలనుండి చప్టాకు దిగుటకు 3 మెట్లు. ఒక్కొక్కటి 6 అంగుళముల యెత్తు, 12 అంగుళముల వెడల్పు. ప్రక్కన ఇనుపకడ్డీ పట్టు. ఈ మెట్లు మా తల్లిగారికి అక్కఱలేనివి, మొదటి చప్టాకు మెట్టు లేకుండెను. అయినను పడిన గోడను చూచిన తరువాత ఆమె మాఱుమాట పలుకలేదు.

కొలతల పని మా పాఠశాల పై తరగతి బాలురు ఇరువురు వచ్చి చేసిరి. దీనికి కావలసినది ఇరువది యడుగుల పారదర్శకపు గొట్టము. అందు నీరు నింపి రెండు కొనలను రెండు గుంజల యొద్ద నిలువుగా పట్టినచో, గొట్టము నడుమ ఎటు వంకరపోయినను రెండు కొనల నీరు ఒకే మట్టమున నిలుచును. సంధానపాత్రల సూత్రమిదియే. ఆ మట్టములను గుంజలపై గుర్తించి, గుర్తునుండి నేలకు కొలిచినచో వాలు తెలియును. మొదటిసారి మాకు 3 అడుగులకు బదులు 3 అడుగుల 4 అంగుళములు వచ్చెను. ఏమా యని చూడగా గొట్టము నడుమ గాలిబుడగ యొకటి చిక్కుకొనియుండెను. నీరు పోసిన పిమ్మట గొట్టమును ఈ కొననుండి ఆ కొనవఱకు కన్నులతో చూడక కొలత తీయరాదు.

మూలలు తిన్నగా వచ్చుటకు 3, 4, 5 అడుగుల త్రిభుజము చాలును. బౌధాయన శుల్బసూత్రముల కాలమునుండి మనవారు వేదికలు గీచినది ఈ గణితముతోడనే. తుదకు కర్ణములు రెండును కొలువవలెను. 12, 10 అడుగుల చతురమునకు కర్ణము 15 అడుగుల ఏడున్నర అంగుళములు. రెండును సమానము కానిచో ఏదో మూల వంకరగ నున్నదన్నమాట.

ఇక గోడ. రెండవమారు మేము రాతితో కట్టించితిమి. మా ప్రాంతపు కొండలు చాలవఱకు కొండలైటు అను రాయి. ఇది ఎండకు వానకు తుప్పురంగు తిరిగి పొడిపొడియగును. కొట్టగా గంటవలె మ్రోగిన రాతిని పుచ్చుకొని, మొద్దుగ పలికినదానిని పాఱవేయవలెను. పునాది పోసిన మట్టిపై గాక, గునపము గ్రుచ్చినచో దిగని గట్టినేలవఱకు, అడుగు లోతునకు తక్కువ కాకుండ తీసితిమి. అడుగున వెడల్పు 15 అంగుళములు, పైన 12. ముందుముఖము కొంచెము వెనుకకు వాలియుండును. మనిషి బరువు మోయుచు గోడకు ఆనుకొన్నట్లు ఈ గోడయు మట్టిమీదికి ఆనుకొనవలెను.

గోడ వెనుక అడుగు వెడల్పున మట్టికి బదులు గుప్పెడు గుప్పెడు రాళ్ళు, కంకర నింపితిమి. మట్టి కొట్టుకొనివచ్చి కంకర సందులను పూడ్చకుండ నడుమ నొక నీరు దిగు గుడ్డ పఱచితిమి. ఇట్టి పనికై నేయని కృత్రిమపు గుడ్డ నేడు బజారులో దొరకుచున్నది. గోడ అడుగున, ముందరి నేలకు నాలుగంగుళముల పైన, మూడడుగులకొక తూము. రెండున్నర అంగుళముల గొట్టపు ముక్కలను కొంచెము వెలుపలికి వాల్చి పెట్టిన చాలును. ఇవి గోడ అందమును చెఱుపలేదు. చెఱిపినను నాకు విచారము లేదు.

మట్టిని నింపుటలో ఓర్పు కావలెను. 6 అంగుళముల పొర పోసి దిమ్మిసతో కొట్టి, అది గట్టిపడిన తరువాతనే రెండవ పొర. ఎండిన మట్టి ఎంత కొట్టినను అణగదు, బురద కొట్టినచో ప్రక్కకు పోవును. పిడికిట పట్టి నొక్కగా ముద్దకట్టి, వ్రేలితో పొడిచినచో రెండు ముక్కలగునంత తేమ యుండవలెను. త్రవ్వినప్పుడు మట్టి పొంగి పెద్ద కుప్పగా కనబడుటచే, మిగిలిపోవునని కూలీలు కొంత బయట పాఱవేయబోయిరి. వలదని ఆపితిని. దిమ్మిసదెబ్బలు తిన్న తరువాత అదియంతయు సరిపోయెను. మాది ఇసుక కలిసిన ఎఱ్ఱమట్టి. గుంటూరు, కర్నూలు ప్రాంతముల నల్లరేగడి గలవారు మాత్రము తమ మట్టిని చప్టా క్రింద నింపరాదు. అది నీరు త్రాగి ఉబ్బి, ఎండలో బీటలు వాఱి, పైనున్న బండలను ఏటేట ఎత్తి దించుచుండును. వారు మొరము తెచ్చుకొనుటయే మేలు.

ఎఱ్ఱమట్టికి వేఱొక దుర్గుణము కలదు. పాఱునీరు తగిలినచో కోసికొనిపోవును. విశాఖకును భీమునిపట్టణమునకును నడుమ సముద్రపుటొడ్డున నున్న ఎఱ్ఱమట్టి దిబ్బలను చూచినవారికి చెప్పనక్కఱలేదు. అచటి లోయలన్నియు వాననీరు కోసినవే. కనుక పైనుండి వచ్చు నీటిని చప్టాకు చేరనీయక ముందే మళ్ళింపవలెను. త్రవ్విన పై అంచునకు అడుగు దూరమున చిన్న కాలువ తీసి, రాళ్ళు పఱచి, దానిని రెండు ప్రక్కలకు వాల్చితిమి. త్రవ్విన ముఖముపై అడ్డముగ రెండు వరుసలు రాళ్ళు పేర్చి సందులలో గడ్డి నాటితిమి. అంతే.

బండలకు బేతంచెర్ల రాయి తెప్పించితిమి. కడప బండ యైనను, తాండూరు బండ యైనను ఇట్లే పనిచేయును. ఇవన్నియు సున్నపురాతి జాతివే. నునుపు చేసిన ముఖము పైకి రాకుండ గరుకుముఖమును పైకి పెట్టవలెను. ముసలివారు నడచుచోట తడిసిన నునుపుబండకంటె శత్రువు లేదు. నిమ్మరసము, చింతపులుసు పడినచో సున్నపురాయి మచ్చపడునని వంటచేయువారు ఎఱుగుదురు. చప్టామీద పచ్చళ్ళు పెట్టువారికి ఇది చెప్పితిని. రెండడుగుల చతురపు బండలు 30 పట్టినవి. ఒకటిన్నర అంగుళపు దళసరి గల బండ సుమారు 38 కిలోలు తూగును. ఇద్దఱు పట్టి, నిలువుగ మోయవలెను. పడుకోబెట్టి మోసినచో నడుమ విఱుగును. మేము రెంటిని అట్లే పోగొట్టుకొని క్రొత్తవి తెచ్చితిమి.

మట్టిపైన 4 అంగుళముల సన్నకంకర పోసి కొట్టి, దానిపై ఒకటిన్నర అంగుళము ఇసుక పఱచి, బండలు వేసితిమి. వాటము 50కి 1. పది అడుగుల వెడల్పునకు రెండున్నర అంగుళములు. క్రింది గుంజయందు దారమును అంతమేర దించి కట్టినచో బండలన్నియు ఆ దారమును అనుసరించును. రసమట్టము పెట్టి నిజమైన చదునుకై పాటుపడినవాడు నీటిగుంటను కట్టుకొన్నవాడగును. బండ వేసిన పిమ్మట కొయ్యసుత్తితో తట్టవలెను. డొల్లగ పలికినచో క్రింద ఖాళీ యున్నది. ఎత్తి ఇసుక వేయవలెను.

దర్జులను సిమెంటుతో నింపవలెనని మేస్త్రి, వలదని నేను. ఇందు నా మాటయే నెగ్గినది. ఎంత కొట్టినను పోసిన మట్టి ఒక వానకాలము గడచునంతవఱకు కొంత దిగక మానదు. సిమెంటు పెట్టినచో అప్పుడు పగుళ్ళు వచ్చును. అందుచే మొదటి యేడు దర్జులలో ఇసుక మాత్రమే ఊడ్చి నింపితిమి. వానలు గడచిన తరువాత క్రింది వరుసలో మూడు బండలు అరయంగుళము దిగినవి. గునపముతో ఎత్తి, క్రింద ఇసుక కూర్చి, యథాస్థానమున పెట్టి, అప్పుడు సున్నము, సిమెంటు కలిపిన గారతో దర్జులు తీసితిమి.

చప్టాపై పడిన నీరు ఎచటికి పోవలెను? 120 చదరపుటడుగుల నేలపై ఒక సెంటీమీటరు వాన పడినచో 111 లీటర్లు దిగును. పది సెంటీమీటర్ల వానలో వేయి లీటర్లు దాటును. దీనిని ప్రహరీ క్రిందినుండి పొరుగువారి పెరటిలోనికి వదలినవారు చాలమంది కలరు. దిగువ ఇంటివారితో తగవులకు ఇంతకంటె కారణము అక్కఱలేదు. మేము క్రింది అంచున కాలువ పెట్టి, దానిని రెండు అరటి పాదులలోనికి, మిగిలినదానిని రాళ్ళు నింపిన యింకుడుగుంతలోనికి మళ్ళించితిమి.

ఆ యేడు మొదటి పెద్దవాన కురిసిన రాత్రి నేను నిద్రపోలేదు. లాంతరు పట్టుకొని రెండుసార్లు క్రిందికి పోయి తూముల యొద్ద కూర్చుంటిని. మొదటిగంటలో ఎఱ్ఱనీరు వచ్చినది. కంకరకంటిన ధూళి అది. తెల్లవాఱుసరికి తేటనీరు వచ్చుచుండెను. తేటపడక ఎఱ్ఱగనే వచ్చుచున్నచో లోపలి మట్టి కొట్టుకొనిపోవుచున్నదని యెఱిగి, ఆ తూము వెనుక త్రవ్వి గుడ్డను సరిచేయవలెను. మా తూములలో ఒకటి మాత్రము రెండవవానలో ఆగిపోయినది. కడ్డీ పెట్టి పొడువగా ఒక కప్ప బయటికి దుమికి, వెనువెంటనే నీరు వచ్చెను. అప్పటినుండి వానకాలమునకు ముందు ప్రతి తూములో కడ్డీ ఆడించుట మా యింట వాడుక.